ప్లాన్‌లో ఇల్లు, వీధిలో దుకాణం

కాలనీలో ఏ నలభై అడుగుల రోడ్డు పట్టుకుని నడిచినా కింద షట్టర్లు, పైన బాల్కనీలు. ఒక షట్టర్‌లో టిఫిన్ సెంటర్, పక్కన మెడికల్ షాపు, ఆ పక్కన టైలర్, మూలన జిరాక్స్. మున్సిపల్ ఆఫీసులో అదే భవనం ప్లాన్ తీసి చూస్తే షట్టర్ ఉండాల్సిన చోట ‘హాల్’ అని, టిఫిన్ సెంటర్ పొయ్యి మండుతున్న చోట ‘పార్కింగ్’ అని రాసి ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. కట్టించిన యజమానికి, డ్రాయింగ్ గీసిన ఇంజినీరుకు, దస్త్రం చూసిన టౌన్ ప్లానింగ్ అధికారికి మొదటి రోజు నుంచే తెలిసిన సంగతి అది. దానికి మనం పెట్టుకున్న మర్యాదైన పేరు ‘డీవియేషన్’. యజమాని అత్యాశ అనో, అధికారి చేతివాటం అనో తేల్చేసి పక్కన పెట్టడం తేలిక. ఆ రెండూ లేవని ఎవరూ అనరు. అయితే చిన్న వ్యాపారి స్థలం ప్లాన్‌ను మన వ్యవస్థ పరిశీలించే పద్ధతే ఆ అబద్ధానికి దగ్గరదారి వేస్తోంది. హద్దుగోడ లోపల ఏముందో సెంటీమీటర్లలో లెక్కపెట్టే పరిశీలన, దుకాణం వీధిని తాకే చోట ఏం జరుగుతుందో మాత్రం అడగదు. ఇరుగుపొరుగు ప్రాణాలకు, రోడ్డు మీద నడిచేవాడికి, చివరికి ఆ వ్యాపారికి కూడా ముప్పు వచ్చేది ఆ అడగని చోటు నుంచే.

ముందుగా దగ్గరదారి సంగతి. తెలంగాణ 2020లో టీఎస్‌బీపాస్ చట్టం తెచ్చింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవారు ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద అక్కడికక్కడే అనుమతి. నివాసేతర భవనమైతే దారి వేరు. స్థలం చిన్నదైనా సింగిల్ విండోలో పెట్టుకోవాలి, అధికారులు 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. 2025లో టీఎస్‌బీపాస్ ఆన్‌లైన్ వేదిక స్థానంలోకి బిల్డ్‌నౌ వచ్చింది. డ్రాయింగ్ పరిశీలన నిమిషాల మీదికి దిగింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది 18 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ బాట పట్టింది. ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన రోజులు గుర్తున్నవారెవరూ ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడరు. కానీ ఒక మామూలు కుటుంబం పక్షాన ఆలోచించండి. 150 గజాల స్థలం ఉంది. కింద కొడుక్కి ఒక కొట్టు, పైన కాపురం. ఉన్నది ఉన్నట్టు చెబితే నివాసేతర భవనం, పూర్తి పరిశీలన, పార్కింగ్ లెక్కలు, ఎక్కువ ఫీజులు. ఇల్లు అని చెబితే ఆ రోజే అనుమతి పత్రం చేతికొస్తుంది. కట్టాక ముందు గది గోడ తీసి షట్టర్ బిగించడం రెండు రోజుల పని. నిజం చెప్పినవాడికి మూడు వారాలు, దాచినవాడికి మూడు నిమిషాలు పట్టే వ్యవస్థలో నిజం చెప్పేవాళ్లు ఎందరుంటారు?

ఆ మూడు వారాల్లో మాత్రం ఏం పరిశీలిస్తారు? హైదరాబాద్‌లో 2016 నుంచి ప్లాన్‌లను ఆన్‌లైన్‌లో సాఫ్ట్‌వేర్ చదువుతోంది. ప్లాటు హద్దుకు ఒక లేయర్, రోడ్డుకు ఒకటి, కట్టడానికి ఒకటి, పార్కింగ్‌కు మరొకటి. గీత ఎక్కడైనా కలవకపోయినా, లేయర్ పేరు తప్పినా ఫైలు వెనక్కొస్తుంది. ‘షార్ట్‌ఫాల్ పడింది’ అని ప్లాన్ గీసే లైసెన్స్‌డ్ ఇంజినీర్లు రోజుకు పదిసార్లు అనే మాట అదే. ఈ సాఫ్ట్‌వేర్ మోసపోదు, అలసిపోదు, చాయ్ ఖర్చులు అడగదు. హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) మీటరున్నర ఉండాల్సిన చోట మీటరు ముప్పావు ఉంటే సరే అంటుంది, మీటరుంబావు ఉంటే కుదరదంటుంది. దాని చూపంతా కాగితం మీది గీతల మీదే. ‘షాప్’ అని రాసిన గదిలో చీరలు అమ్ముతారో, వెల్డింగ్ చేస్తారో, స్కూటర్ బ్యాటరీలు చార్జింగ్ పెడతారో అన్నది దానికి పట్టని విషయం. ఏం అమ్ముతారన్నది తర్వాత ఎప్పుడో ట్రేడ్ లైసెన్స్ దగ్గర తేలుతుంది. ఆ లైసెన్స్ ఇచ్చే విభాగం వేరు, ఆ కాగితం వేరు, ఈ ప్లాన్‌తో దానికి పలకరింపు కూడా ఉండదు.

ఇక లెక్క. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు ఉన్న స్థలం అంటే సరిగ్గా 150 గజాలు, దాదాపు 125 చదరపు మీటర్లు. ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా మీటరు చొప్పున వదిలితే కట్టుకోవడానికి మిగిలేది 80 చదరపు మీటర్లు. స్థలంలో మూడో వంతుకు పైగా అప్పుడే పోయింది. అందులోంచి మెట్లు తీయాలి. ఆపైన వాణిజ్య భవనం కాబట్టి కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం అని పార్కింగ్ చూపాలి. ఒక కారు నిలవడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. తిప్పుకోవడానికి జాగా అదనం. పెద్ద మాల్‌కు సెల్లార్ తవ్వి ర్యాంపు దింపితే ఒకే ర్యాంపు వంద కార్లకు పనికొస్తుంది, ఖర్చు వంద భాగాలవుతుంది. పక్కలు వదిలాక మిగిలిన ఈ ఏడు మీటర్ల వెడల్పులో రెండు కార్లకు చోటు చూపించాలన్నా కొట్టు ముఖభాగమంతా వాటికే పోతుంది. కొట్టుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడిచొచ్చేవాళ్లు, బండి మీద వచ్చి రెండు నిమిషాలు ఆగేవాళ్లు. అయినా ప్లాన్‌లో రెండు కార్ల బొమ్మలు గీయాలి. గీస్తారు. ఆ బొమ్మల మీదే తర్వాత ఇడ్లీ పాత్ర పెడతారు. నిబంధన శాతాల్లో సమానంగానే కనిపిస్తుంది, భారం మాత్రం స్థలం చిన్నదయ్యేకొద్దీ పెరిగిపోతుంది. వేల గజాల బిల్డర్ చట్టం ప్రకారం కట్టి కూడా లాభం చూసుకోగలడు. 150 గజాల యజమాని చట్టం ప్రకారం కడితే అతనికి కొట్టే మిగలదు.

ఇప్పుడు ఎవరూ కొలవని చోటుకొద్దాం. షట్టర్ బయట, రోడ్డుకు ఈవల ఉండే ఆరేడు అడుగుల పట్టీ. వర్షం నీళ్లు లోపలికి రాకుండా కొట్టు నేల రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు లేపుతారు. ఎత్తు లేపారు కాబట్టి ర్యాంపు కావాలి. సెట్‌బ్యాక్ మీటరున్నరే కాబట్టి ర్యాంపు హద్దు దాటి కాలువ మీదికి, ఫుట్‌పాత్ మీదికి దిగుతుంది. కాలువ మీద షాబాదు బండలో, కాంక్రీటు పలకో వేస్తారు. పక్క కొట్టువాడు మరో అరడుగు ఎత్తులో తన పలక వేసుకుంటాడు. నడిచేవాడు ఎక్కుతూ దిగుతూ విసిగి రోడ్డు మీదికొస్తాడు. ఫుట్‌పాత్‌కు కనీసం 1.8 మీటర్ల అడ్డంకి లేని వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతాయి. మన కాలనీల్లో చాలాచోట్ల ఆ వెడల్పు ర్యాంపుల కిందే ఉంది. జూన్‌లో పూడిక తీసేవాళ్లు వచ్చి పలకలు పగలగొడతారు, వారం తిరక్కుండా కొత్త పలకలు పడతాయి. ఇదంతా ముందే ఊహించగలిగినదే. నేల మట్టం, రోడ్డు మట్టం, సెట్‌బ్యాక్ ఈ మూడూ తెలిస్తే ర్యాంపు ఎక్కడ ఆగుతుందో పదో తరగతి పిల్లవాడు లెక్కకట్టి చెప్పగలడు. కానీ సైట్ ప్లాన్‌లో రోడ్డు అంటే వెడల్పు రాసిన రెండు సమాంతర గీతలు. కాలువ ఎక్కడుందో, కరెంటు స్తంభం ఎక్కడుందో, పొగ గొట్టం పక్కింటి వంటింటి కిటికీ వైపు తిరుగుతుందో లేదో, సామాన్ల ఆటో ఎక్కడ ఆగుతుందో అందులో ఉండవు. సాయంత్రం ఏడు దాటాక డెలివరీ కుర్రాళ్ల బండ్లు పక్కింటి గేటుకు అడ్డంగా నిలిచిపోతే, ఆ గొడవకు ప్లాన్‌లో జవాబుండదు.

ఇది నడకకు, చిరాకుకు మాత్రమే సంబంధించిన విషయమైతే సంపాదకీయ పేజీ దాకా రానక్కర్లేదు. గత కొన్నేళ్లలో హైదరాబాద్ చూసిన అగ్నిప్రమాదాలను వరసగా పెట్టి చూడండి. 2022 మార్చిలో బోయిగూడలో కింద తుక్కు గోదాం, పైన నిద్రపోతున్న వలస కూలీలు. 11 మంది పోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి, 8 మంది. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింది భాగంలో రసాయనాల డ్రమ్ములు, కనీసం 9 మంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కాపురాలు, బయటపడడానికి ఇరుకు దారి ఒక్కటే. 17 మంది, వాళ్లలో పసిపిల్లలున్నారు. వీటిలో ఏ ఒక్కటీ పక్క సెట్‌బ్యాక్ అరమీటరు తగ్గినందువల్ల మొదలైన ప్రమాదం కాదు. ఏ సరుకు ఎక్కడ పెట్టారు, దాని పైన ఎవరు పడుకున్నారు, వాళ్లు దిగే మెట్లు ఆ సరుకు మధ్య నుంచే వస్తున్నాయా అన్నవే అన్నిచోట్లా చావుబతుకులు తేల్చాయి. గుల్జార్ హౌజ్ లాంటి పాత కట్టడాలు ఇప్పటి ప్లాన్ నిబంధనలకు ముందువి కావచ్చు, వాటికి అనుమతి దశలో చేసేదేమీ లేదు. కానీ కొత్తగా కడుతున్న చిన్న భవనాల విషయంలోనూ ఆ మూడు ప్రశ్నలు మనం అడగడం లేదు. వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తుకు చేరితేనే సాధారణంగా అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ అవసరం పడుతుంది. కింద కొట్టు, పైన కాపురం ఉన్న రెండంతస్తుల మల్గీ ఆ వలలో పడదు. ప్లాన్ పరిశీలన దాన్ని ఇల్లుగా చూసి వదిలేస్తుంది, ఫైర్ వాళ్లకు అది పొట్టిది. అత్యంత సాధారణమైన భవనమే రెండు జల్లెడల్లోంచీ జారిపోతోంది.

అనుమతి దశలో అడగని ప్రశ్నలకు జరిమానా దశలో జవాబులు వెతకడం మన అలవాటు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న బీపీఎస్ జీవో వచ్చింది, తప్పుగా కట్టినవాటిని డబ్బు తీసుకుని క్రమబద్ధీకరించే పథకం. ఇదే ఆఖరిదన్నారు. 2015లో తెలంగాణ బీఆర్‌ఎస్ పేరుతో అలాంటి పథకమే తెచ్చింది. అది హైకోర్టులో చిక్కుకుని దరఖాస్తులు ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ బీపీఎస్ తెరిచింది. ఇవి లేని సంవత్సరాల్లోనూ అనుమతి లేని కట్టడానికి ఆస్తి పన్ను మీద 100 శాతం వరకూ అదనంగా వడ్డించే ఏర్పాటుంది. అంటే ఒకే పురపాలక సంఘం ఒక చేత్తో ‘ఇది అక్రమం’ అని నోటీసు ఇస్తూ, రెండో చేత్తో ఆ అక్రమం మీద ఏటా వసూలు చేసుకుంటూ, మూడో విభాగం ద్వారా అందులో నడిచే కొట్టుకు ట్రేడ్ లైసెన్స్ కూడా ఇస్తుంది. మరోపక్క టీఎస్‌బీపాస్ చట్టం, ప్లాన్‌కు విరుద్ధంగా కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం రాసుకుంది. సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న ఇచ్చిన తీర్పులో, రోడ్లూ చెరువుల్లాంటి బహిరంగ స్థలాలను మినహాయించి, కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు తప్పనిసరి అంది. పన్ను కట్టించుకున్న చేతులే కూల్చడానికీ రాగలవన్న భయంతో బతికే వ్యాపారి, ఆ భయాన్ని నెలవారీ మామూళ్లుగా మార్చుకుంటాడు. అవినీతి ఎక్కడ పుడుతుందని వెతికేవాళ్లు ఈ చోటును కాస్త తీరిగ్గా చూడాలి.

ఇంతకాలం ఈ సర్దుబాటు ఎలాగో నడిచింది. ఇకముందు నడవడం కష్టం. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మీరట్ కేసులో ఇచ్చిన తీర్పు మన పట్టణాల్లో పెద్దగా చర్చకు రాలేదు గానీ, ప్రతి మల్గీ గుమ్మం దాకా వచ్చే తీర్పు అది. మీరట్‌లోని శాస్త్రినగర్‌లో ఇంటి కోసం కేటాయించిన స్థలంలో దుకాణాలు కట్టారు. వాటిని కూల్చాలని అలహాబాద్ హైకోర్టు 2014లో చెప్పింది, సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఎన్నేళ్లుగా ఉన్నా, ఎంత పెట్టుబడి పెట్టినా, అధికారులు ఎంతకాలం చూసీచూడనట్టు ఊరుకున్నా అక్రమం సక్రమం కాదంది. అంతటితో ఆగకుండా దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. ఆమోదించిన ప్లాన్‌ను కట్టుబడి జరిగినన్నాళ్లూ స్థలంలో బోర్డు కట్టి చూపాలి, ఆక్యుపెన్సీ పత్రం లేదా నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీళ్లు ఇవ్వాలి, బ్యాంకులు ఆ పత్రం చూశాకే అప్పివ్వాలి, అనుమతి లేని కట్టడంలో ఏ వ్యాపారానికీ స్థానిక సంస్థలు లైసెన్స్ ఇవ్వకూడదు. ఈ చివరి మాటను అక్షరాలా అమలు చేస్తే ‘హాల్’ అని గీసిన గదిలో నడుస్తున్న టిఫిన్ సెంటర్, టైలర్, జిరాక్స్ అన్నీ లైసెన్స్‌కు అనర్హం. అమలు చేయకపోతే కోర్టు ధిక్కారం. న్యాయస్థానం తన ముందున్న కేసులో చట్టాన్ని గట్టిగా నిలబెట్టింది, అందులో తప్పు పట్టేదేం లేదు. పాటించడానికి వీల్లేని నిబంధనను రాసి, దాన్ని దాటడానికి దొడ్డిదారి తెరిచి ఉంచి, తీర్పు భారమంతా చిన్న వ్యాపారి నెత్తిన పడేలా చేసింది ప్రభుత్వాలే.

ఇతర చోట్ల ఏం చేస్తున్నారో చూస్తే రెండు రకాల పాఠాలు దొరుకుతాయి. జపాన్‌లో అత్యంత కట్టుదిట్టమైన నివాస ప్రాంతంలో కూడా ఇంటితో కలిసిన చిన్న కొట్టుకు జోనింగే చోటిస్తుంది. కొట్టు 50 చదరపు మీటర్లు మించకూడదు, మొత్తం ఇంటిలో సగం కంటే తక్కువ ఉండాలి. అంటే మనం ‘డీవియేషన్’ అంటున్నదానికి అక్కడ చట్టంలోనే ఒక పేరుంది, కొలత ఉంది. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు నుంచి బట్టల కొట్టు, కేఫ్, ఆఫీసు, క్లినిక్ అన్నీ ఒకే వర్గం. ఒకదాన్ని ఇంకొకదానిగా మార్చుకోవడానికి ప్లానింగ్ అనుమతి అడగనక్కర్లేదు, కానీ వేడివేడిగా వండి పొట్లం కట్టిచ్చే టేక్‌అవేను మాత్రం విడిగా ఉంచారు. పొగ, వాసన, రాత్రి రద్దీ ఉన్నదాన్ని లేనిదాని నుంచి వేరు చేశారన్నమాట. అక్కడా ఒక 21 రోజుల లెక్కుంది, అయితే అది ఇరుగుపొరుగు తమ మాట చెప్పుకోవడానికి ఇచ్చే గడువు. మనకు దరఖాస్తు మొత్తం తేలిపోవాల్సిన గడువది, పొరుగువాడి మాట అందులో ఎక్కడా లేదు. మన తెలుగువాళ్లు హోటళ్లు, కిరాణా కొట్లు పెట్టుకుంటున్న అమెరికాలోని న్యూజెర్సీలో 1975 నాటి చట్టం ప్రకారం సైట్ ప్లాన్ స్థానిక బోర్డు ముందు బహిరంగ విచారణకు వస్తే, 200 అడుగుల లోపు స్థలాల యజమానులకు కనీసం 10 రోజుల ముందు నోటీసు వెళ్లాలి; బోర్డు తన నిర్ణయానికి కారణాలు రాతపూర్వకంగా తీర్మానంలో పెట్టాలి. అక్కడి ఎడిసన్‌లో దోసెల హోటల్ పెట్టాలనుకున్నవాడు సామాన్ల లారీ ఎటు తిరుగుతుందో, చెత్త డబ్బా ఎక్కడుంటుందో ఇంజినీరుతో చెప్పించాల్సి రావచ్చు. ఆ ఇంజినీర్ల ఫీజులు, బోర్డు తరఫు నిపుణుల ఖర్చులు కూడా అతనే భరించాలి, నెలలు గడిచిపోవచ్చు. ఆ భారాన్ని మనం దిగుమతి చేసుకోనక్కర్లేదు. అడిగే ప్రశ్నలను మాత్రం తెచ్చుకోవచ్చు.

మన పరిస్థితికి కావాల్సిన మార్పు పెద్ద చట్టమేమీ కాదు. ‘ఇల్లు-కొట్టు’ అనే వర్గాన్ని నిబంధనల్లో నిజాయితీగా రాయాలి. చిన్న స్థలంలో, కింది అంతస్తు వరకే, ఇంత విస్తీర్ణం లోపు కొట్టు పెట్టుకుంటానని చెప్పినవాడికి ఇంటికిచ్చినంత వేగంగానే అనుమతి ఇవ్వాలి, కార్ల బొమ్మలు గీయమని అడగకూడదు. దానికి బదులుగా ఒకే ఒక్క కాగితం అడగాలి, దుకాణం వీధిని తాకే చోటి పటం. అందులో రోడ్డు మట్టం, కొట్టు నేల మట్టం, కాలువ, స్తంభం, ర్యాంపు హద్దు లోపలే ఆగే చోటు, పైవాళ్లు దిగే మెట్లకు కొట్టుతో సంబంధం లేని విడి దారి ఉండాలి. అక్కడ చేసే పని ఏమిటో కూడా ఉండాలి. మంట, గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు, రసాయనాలు, వెల్డింగ్ లాంటి ఓ చిన్న పట్టికలో ఉన్న వ్యాపారమైతే అధికారి వచ్చి చూడాలి, ఇరుపక్కలా వెనకా ఉన్నవాళ్లకు పది రోజుల నోటీసు ఇవ్వాలి, నిర్ణయం ఏదైనా కారణం రాయాలి. ట్రేడ్ లైసెన్స్ ఆ కాగితం మీదే ఇవ్వాలి. పని మారితే కాగితం మారాలి. టైలర్ ఖాళీ చేసిన చోట బ్యాటరీల వ్యాపారం దిగితే ఎవరికీ తెలియకుండా పోదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలిసిందే. పొరుగువాళ్లను అడగడమంటే బ్లాక్‌మెయిల్‌కు తలుపు తీయడం, వార్డు నాయకుడు రేటు చెప్పడం, పక్క కొట్టువాడు పోటీని అడ్డుకోవడం. ఈ భయం నిజమైనది, అందుకే అడిగేది పట్టికలోని పనులకే, అదీ పొగ, మంట, దారి, శబ్దం అనే నాలుగు విషయాల మీదే, రాతపూర్వకంగానే అయ్యుండాలి. ‘ఇష్టం లేదు’ అన్నది అభ్యంతరం కాకూడదు. పది రోజుల్లో ఎవరూ ఏమీ రాయకపోతే గడువు గడిచినట్టే. పైగా పొరుగువాడి జోక్యం ఇప్పుడు మాత్రం లేదా? కట్టడం సగంలో ఉండగా ఫిర్యాదు రూపంలో, పూర్తయ్యాక కోర్టులో రిట్ రూపంలో, వాటి వెనక రాజీ బేరం రూపంలో వస్తూనే ఉంది. అప్పు తెచ్చి గోడలు లేపాక వచ్చే అభ్యంతరం కంటే కాగితం దశలో వచ్చేది వ్యాపారికి చౌక. ఇంకో విడ్డూరం చూడండి. ఫుట్‌పాత్ మీద బండి పెట్టుకునేవాళ్ల కోసం 2014లో చేసిన వీధి వ్యాపారుల చట్టం, పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం స్థానాలు వాళ్లకే ఇవ్వాలంది. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, భవన నియంత్రణను పురపాలికలకు అప్పగించదగిన పనుల పట్టికలో మొట్టమొదటే పెట్టింది, జనాభా 3 లక్షలు, ఆపైన ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలుండాలంది. వీధి బండికి కమిటీ ఉంది గానీ, ఆ బండి నిలిచే వీధిలో వచ్చే కొట్టు గురించి ఆ వీధివాళ్లు నోరు విప్పడానికి ఒక వేదిక లేదు.

పార్కింగ్ అడగకపోతే వీధులన్నీ బండ్లతో నిండిపోతాయన్నది రెండో అభ్యంతరం. అవి ఇప్పుడు ఖాళీగా ఉన్నాయా? దశాబ్దాలుగా ప్లాన్‌లలో పార్కింగ్ చూపిస్తూనే ఉన్నాం, వీధులు నిండుతూనే ఉన్నాయి. ఎందుకంటే కాగితం మీది పార్కింగ్‌లో గోదాములున్నాయి, స్టిల్ట్‌లో వాచ్‌మన్ కాపురం ఉంది. భవనాల నుంచి తప్పనిసరిగా పార్కింగ్ రాబట్టడం వల్ల ఊళ్లకు జరిగే నష్టాన్ని డోనాల్డ్ షూప్ అనే అమెరికన్ పండితుడు 2005లో ఒక పెద్ద పుస్తకంలో లెక్కకట్టి చూపించాడు. కార్లే కాళ్లుగా బతికే ఆ దేశంలోనే బఫెలో నగరం 2017లో ఊరంతటా కనీస పార్కింగ్ నిబంధనను ఎత్తేసింది. వీధిలో బండ్ల సమస్యను వీధిలోనే పరిష్కరించాలి, గీత గీసి, గంటకు ఇంతని తీసుకుని, పక్కింటి గేటు ముందు ఆపితే లాక్ వేసి. 150 గజాల స్థలంలో గీసిన కారు బొమ్మ ఆ పని చేయలేదు. మాల్స్‌కు, ఫంక్షన్ హాళ్లకు ఈ వెసులుబాటు అక్కర్లేదు, వాటికి స్థలమూ ఉంది, అవసరమూ ఉంది.

తప్పు చేసినవాళ్లకే కొత్త నిబంధన బహుమానం ఇస్తుందని, నిబంధన ప్రకారం కట్టినవాడు వెర్రివాడవుతాడని మూడో మాట. ఇందులో పస ఉంది. బీపీఎస్ లాంటి పథకాలు అలాగే జరిగాయి, డబ్బు తీసుకుని పాత తప్పును చెరిపేశాయి తప్ప తప్పుకు కారణమైన నిబంధనను ముట్టుకోలేదు. అందుకే మళ్లీ మళ్లీ తెరవాల్సి వచ్చింది. నేను చెబుతున్నది వెనక్కి చూసే మాఫీ కాదు. మెట్లను మూసేసిన పాత భవనానికి, కాలువను కప్పేసిన ర్యాంపుకు ఇందులో ఏ రక్షణా లేదు. నిజానికి అలాంటివాటి మీద కఠినంగా ఉండడానికి సిబ్బందికి ఇప్పుడు లేని తీరిక దొరుకుతుంది. సెట్‌బ్యాక్‌ల లెక్క సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంటే, టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్ టేపు పట్టుకుని హాల్‌లో షట్టర్ ఎందుకుందని అడగడం మానేసి, సిలిండర్లు మెట్ల కింద ఎందుకున్నాయని అడగొచ్చు. చాలా మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ విభాగం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందితో నడుస్తోంది. ఆ కొద్దిమంది సమయాన్ని ఏ ప్రశ్న మీద ఖర్చు చేస్తామన్నదే విధానం.

సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం ఇకపై కట్టుబడి స్థలంలో ఆమోదించిన ప్లాన్ బోర్డు వేలాడాలి. ఇప్పుడున్న నమూనాలోనే వేలాడితే అందులో సర్వే నంబరు, గజాలు, అంతస్తులు, సెట్‌బ్యాక్ మీటర్లు ఉంటాయి. దారినపోయేవాడు చదివి తన దారిన పోతాడు. దాని కింద రెండు మూడు వరుసలు అదనంగా రాయించడానికి పురపాలక శాఖ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. కింద ఏ కొట్టు రాబోతోంది, ర్యాంపు ఎక్కడ ఆగుతుంది, పొగ గొట్టం ఎటు లేస్తుంది, సిలిండర్లు ఎక్కడుంటాయి, పైవాళ్లు ఏ మెట్ల మీంచి దిగుతారు. పక్కింటి పెద్దావిడ సైతం గుమ్మంలో నిలబడి చదువుకోగలిగేంత పెద్ద అక్షరాలతో, తెలుగులో.